కబేళా బండి దిగిన గుర్రం

నాగలి లాగి అలసిన ఒక గుర్రం. పరాయి దేశంలో రెక్కల కష్టం మీద బతుకుతున్న ఒక పల్లెటూరి మనిషి. ఆ ఇద్దరి స్నేహం లోకానికి విలువ కట్టడంలోని ఒక రహస్యాన్ని నేర్పింది.

1956 ఫిబ్రవరి. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో న్యూ హాలండ్ అనే చిన్న ఊరు. ఆ ఊరి గుర్రాల సంత చుట్టుపక్కల పేరు మోసినది. మంచు కురుస్తున్న ఆ రోజున లాంగ్ ఐలండ్ నుంచి బయలుదేరిన హ్యారీ డి లేయర్ అక్కడికి చేరేసరికి వేలం కాస్తా ముగిసిపోయింది. దారిలో కారు ఇబ్బంది పెట్టడం వల్ల జరిగిన ఆలస్యం అది. మంచి గుర్రాలు అమ్ముడుపోయాయి. కొన్నవారు వెళ్లిపోయారు. ఆవరణలో ఒకే ఒక లారీ మిగిలి ఉంది. ఎవరికీ అక్కరలేని గుర్రాలను అందులోకి ఎక్కించారు. అది కబేళాకు పోయే బండి.

హ్యారీకి అప్పుడు 28 ఏళ్లు. లాంగ్ ఐలండ్‌లోని సెయింట్ జేమ్స్‌లో ఉన్న నాక్స్ స్కూల్ అనే బాలికల వసతి పాఠశాలలో గుర్రపు స్వారీ నేర్పడం అతని ఉద్యోగం. స్వారీ కొత్తగా నేర్చుకునే ఆడపిల్లలకు భయం కలిగించని ఒక సాధు జంతువు అతనికి కావాలి. ఖర్చు పెట్టగల డబ్బు స్వల్పం. ఇంతదూరం వచ్చి వట్టి చేతులతో తిరిగి వెళ్లడమెందుకని అతడు ఆ లారీ దగ్గరకు వెళ్లి, పలకల సందులలోంచి లోపలికి తొంగి చూశాడు.

లోపల బెదిరిన జంతువులు ఒకదానినొకటి తోసుకుంటున్నాయి. వాటి మధ్య బూడిద వన్నె గుర్రం ఒకటి మాత్రం నిశ్చలంగా నిలబడి అతనివైపే చూస్తున్నది. ఒళ్లంతా బురద. రొమ్ము మీద పట్టెడ రాసుకుని పడిన మచ్చలు. కాడి మోసిన ఎద్దు మెడ కాయ కాసినట్లే, నాగలి లాగిన గుర్రం రొమ్ము కూడా తన చరిత్రను తానే చెబుతుంది. హ్యారీ దానిని కిందికి దింపమని అడిగాడు. కాళ్లు తడిమి చూశాడు. 80 డాలర్లకు బేరం కుదిరింది. ఆనాటి మారకం ప్రకారం అది దాదాపు 380 రూపాయలు. తరువాతి జీవితంలో ఆ క్షణాన్ని ఎవరు ఎన్నిసార్లు గుర్తుచేసినా, హ్యారీ ఆ జంతువు ఒడ్డూ పొడుగూ గురించి కాక దాని చూపు గురించే చెప్పేవాడు.

గుర్రం ఇంటికి చేరింది. బండి దిగిన దాని వీపు మీద మంచు పేరుకుని ఉంది. చూడడానికి వచ్చిన పిల్లలలో ఒకరు, అది తాము ఆటకు చేసుకునే మంచు బొమ్మలా ఉందన్నారు. అలా దానికి స్నోమన్ అనే పేరు స్థిరపడింది.

పని తీరిన ప్రాణులు

పనిచేయగల వయస్సులో ఉన్న గుర్రం, దాని వయస్సు 8 ఏళ్లని అంచనా, కబేళా బండి ఎందుకు ఎక్కవలసి వచ్చింది? ఇందుకు జవాబు ఆ జంతువులో లేదు, ఆ కాలంలో ఉంది.

1915 ప్రాంతంలో అమెరికాలో గుర్రాలు, కంచర గాడిదలు కలిసి రెండున్నర కోట్లకు పైగా ఉండేవి. పొలం దున్నేవి అవే, పాల బండి లాగేవి అవే, అగ్నిమాపక యంత్రాన్ని ఈడ్చుకుపోయేవి కూడా అవే. తరువాత ట్రాక్టరు వచ్చింది, లారీ వచ్చింది. 1960 నాటికి ఆ సంఖ్య 30 లక్షలకు పడిపోయింది. ఒక్క తరం కాలంలో కోట్లాది మూగజీవులకు పని లేకుండా పోయింది. పని లేని జంతువుకు దాణా వేయడం రైతుకు భారం. అందుచేత ముసలివీ, కుంటివీ మాత్రమే కాక, గట్టివి కూడా సంతకు చేరాయి. వాటి మాంసం పెంపుడు కుక్కల ఆహారంగా మారేది.

మన పల్లెలకు ఇది పరాయి కథ కాదు. తన అరక లాగి, తన పిల్లలకు అన్నం పెట్టిన ఎద్దును ముసలితనంలో సంతకు తోలవలసి వచ్చినప్పుడు రైతు ముఖం చాటువేసుకుని పలుపుతాడు పరుల చేతికివ్వడం ఎరగని ఊరు ఉండదు. రైలు స్టేషన్ల ముందు బారులు తీరిన జట్కాలను ఆటోరిక్షాలు తరిమివేసినప్పుడు ఆ గుర్రాలు ఏమైనాయో అడిగినవారు తక్కువ. జంషెడ్‌పూర్ వంటి ఉక్కు నగరంలో తుక్కు ఇనుమును సైతం పారవేయరు. కొలిమిలో వేసి కొత్త ఉక్కులో కలుపుతారు. ఇనుముకు దక్కే రెండవ జన్మ పని తీరిన జంతువుకు చాలా అరుదుగా దక్కుతుంది.

స్నోమన్‌కు దక్కింది. అలా దక్కడానికి కారణం హ్యారీ దయార్ద్ర హృదయం ఒక్కటే అనుకుంటే పొరపాటు. అతనికి గుర్రం తెలుసు. దయ ఉన్న మనిషి ఆ లారీ ముందు కన్నీరు పెట్టుకుని వెళ్లిపోయి ఉండవచ్చు. ఆ మచ్చల వెనుక ఎటువంటి ప్రాణి ఉన్నదో పోల్చుకోవడానికి ఒక జీవితకాలపు పరిచయం కావాలి.

బ్రబాంట్ పల్లె నుంచి పొగాకు చేలకు

హ్యారీ 1927లో నెదర్లాండ్స్ దక్షిణ భాగాన, ఉత్తర బ్రబాంట్ రాష్ట్రంలోని సింట్ ఓడెన్‌రోడ్ అనే పల్లెలో జన్మించాడు. తండ్రికి వ్యవసాయంతో పాటు బీరు తయారుచేసే వృత్తి కూడా ఉండేది. ఇంటినిండా పిల్లలు, వారందరిలో హ్యారీ పెద్దవాడు. ఆ ఇంట్లో గుర్రం విలాస వస్తువు కాదు. పొలానికీ బండికీ అదే ఆధారం. నడక నేర్చిన నాటి నుంచే గుర్రాల మధ్య తిరిగిన పిల్లవాడు అతడు.

1940లో జర్మన్ సైన్యాలు ఆ దేశాన్ని ఆక్రమించాయి. డి లేయర్ కుటుంబం రహస్య ప్రతిఘటన ఉద్యమానికి చేతనైన సహాయం చేసింది. 1944 సెప్టెంబర్ 17న మిత్రరాజ్యాల విమానాలు ఆ ప్రాంతపు పొలాలలో వేలాది పారాచూట్ సైనికులను దింపాయి. అమెరికా సైన్యపు 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్ సింట్ ఓడెన్‌రోడ్‌ను విముక్తం చేసింది. ఆ పోరులో ఎందరో అమెరికన్ యువకులు అక్కడే నేలకొరిగారు. వారిలో ఒకని మెడలోని గుర్తింపు బిళ్లలను డి లేయర్ కుటుంబం భద్రపరచి, సముద్రాల అవతల ఉన్న అతని తల్లిదండ్రులకు పంపింది. తమ బిడ్డ చివరి ఆనవాలు అందుకున్న ఆ దంపతులు ఆ ఉపకారాన్ని మరువలేదు. యుద్ధానంతరం వలస వెళ్లదలచిన హ్యారీకి పూచీ పడినవారు వారే.

1950లో కొత్తగా పెళ్లయిన హ్యారీ, భార్యతో కలిసి అమెరికా గడ్డ మీద కాలుపెట్టాడు. చేతిలో ఉన్నది 160 డాలర్లు. ఇంగ్లీషు అంతంతమాత్రం. ప్రాణప్రదంగా పెంచుకున్న ఆడగుర్రాన్ని వెనుకనే వదలి రావలసి వచ్చింది. నార్త్ కరోలినాలో పొగాకు చేలలో కూలిగా అతని కొత్త జీవితం మొదలైంది. పరిచయస్థుని మాట ఒక్కటే ఆధారంగా, భాష తెలియని చోటికి భార్యాబిడ్డలతో తరలిపోవడమంటే ఏమిటో, శ్రీకాకుళం, విశాఖపట్నం పల్లెల నుంచి జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారాన్ని వెతుక్కుంటూ వెళ్లిన తెలుగు కుటుంబాలకు వివరించి చెప్పనక్కరలేదు.

పొగాకు పని నుంచి పశువుల కొట్టం పనికీ, అక్కడి నుంచి గుర్రాలు సాకే పనికీ మారుతూ, 1950ల మధ్యకు హ్యారీ నాక్స్ స్కూల్‌లో కుదురుకున్నాడు. తెల్లవారకముందే లాయం ఊడ్వడం, దాణా వేయడం, మాలీసు చేయడం, పగలంతా పిల్లలకు పాఠాలు చెప్పడం, సాయంత్రం ఇంటి దగ్గర తన చిన్న కమతంలో మళ్లీ అదే చాకిరీ. ఆ కమతానికి మాతృదేశం మీది మమకారంతో హాలండియా అని పేరు పెట్టుకున్నాడు. ఏటా కుటుంబం పెరుగుతున్నది. కాలక్రమాన అతనికి ఎనిమిది మంది సంతానం. పిల్లలందరూ నడక వచ్చిన వెంటనే లాయంలో పనికి వచ్చినవారే.

కంచెలు దాటి వచ్చిన అతిథి

కడిగి, గోళ్లు కత్తిరించి, లాడాలు కొట్టించి, కడుపునిండా మేపిన తరువాత స్నోమన్ రూపం మారింది. అయినా అందగాడని ఎవరూ అనలేదు. వెడల్పాటి ఒళ్లు, నెమ్మది నడక, నిద్రమత్తుగా కనిపించే ముఖం. పాఠశాల ఆడపిల్లలకు మాత్రం అది ప్రాణమైంది. ఎంత పిరికి పిల్లను ఎక్కించినా కదలక మెదలక నిలుచుండేది. హ్యారీ కోరుకున్నదీ అంతే.

వేసవి సెలవులు వచ్చాయి. పాఠాలు లేని కాలంలో అదనపు గుర్రాన్ని మేపడం కష్టమే. ఆ దగ్గరలో ఉండే ఒక వైద్యుడు సాధువైన గుర్రం కోసం వెదుకుతున్నాడు. కొన్నదానికి రెట్టింపు ధరకు హ్యారీ స్నోమన్‌ను ఆయనకు అమ్మివేశాడు. పిల్లలు గల ఇంటిలో లాభసాటి బేరాన్ని కాలదన్నుకునే స్తోమత ఎవరికుంటుంది?

కొన్నాళ్లు గడవకముందే ఆ వైద్యుని నుంచి ఫిర్యాదు వచ్చింది. గుర్రం కంచె దాటి పారిపోతున్నది. కంచె ఎత్తు పెంచారు. అయినా దాటింది. పరుగెత్తకుండా తాటికి పాత టైరు ఒకటి కట్టారు. ఆ టైరును ఈడ్చుకుంటూనే మైళ్ల దూరం నడిచి, మధ్యనున్న పొలాల కంచెలన్నీ దాటుకుంటూ, స్నోమన్ హ్యారీ లాయం ముందు వచ్చి నిలిచింది.

ఆ దృశ్యం చూసినప్పుడు హ్యారీకి ఒకేసారి రెండు విషయాలు బోధపడ్డాయి. మొదటిది, ఈ జంతువు తన ఇల్లు ఏదో తానే నిర్ణయించుకున్నది. రెండవది, ఇంతటి కంచెలను ఎగిరి దాటగల గుర్రం పిల్లల స్వారీకి మాత్రమే పుట్టినది కాదు. అతడు దానిని తిరిగి తన దగ్గరకు తెచ్చుకున్నాడు. ఇక జన్మలో దానిని అమ్మనని మాట ఇచ్చుకున్నాడు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మొదటిసారి హ్యారీ గుర్రాన్ని కనిపెట్టాడు. రెండవసారి గుర్రమే హ్యారీని కనిపెట్టింది. గుర్రాలు ఎరిగిన అంతటి నిపుణుడు సైతం అన్ని నెలలు తన చేతిలోనే ఉన్న జంతువును గుర్తించలేక అమ్మివేశాడు. విలువ తెలిసిన కన్నుకు కూడా ఒక్కొక్కప్పుడు రెండవ అవకాశం కావాలి.

అపనమ్మకం మీద గెలుపు

గుర్రాన్ని అడ్డంకుల మీదుగా దూకించే క్రీడ ఆనాటి అమెరికాలో ధనవంతులది. వేల డాలర్లు పోసి కొన్న మేలు జాతి గుర్రాలు, వాటికి వేరే శిక్షకులు, వేరే సవారీలు, రవాణాకు ప్రత్యేక వాహనాలు. అప్పటి పోటీలలో కర్ర కింద పడినా సరే, గుర్రపు కాలు కర్రకు కేవలం తగిలినా సరే, తప్పుగానే లెక్కవేసేవారు. అంటే బలం ఒక్కటే చాలదు, ప్రతి అడుగుకూ లెక్క ఉండాలి.

గుర్రపు కళ్లు తలకు ఇరుపక్కలా ఉంటాయి. అందువల్ల చుట్టుపక్కల చాలామేర కనిపిస్తుంది గాని, సరిగ్గా ముఖం ఎదుట దగ్గరగా ఉన్నది కనిపించదు. ఎగిరే ఆఖరి క్షణంలో తాను దాటబోయే కర్ర దాని దృష్టికి దూరమవుతుంది. అప్పటికే వేసుకున్న అంచనాను నమ్ముకుని, వీపు మీది మనిషిని నమ్ముకుని, అది గాలిలోకి లేవాలి. ప్రతి దూకూ ఒక విధంగా విశ్వాస పరీక్షే.

శిక్షణ మొదటి రోజులు నవ్వు పుట్టించాయి. నేల మీద పరచిన కర్రలకు స్నోమన్ తట్టుకుని తూలేది. తక్కువ ఎత్తు అడ్డంకుల పట్ల దానికి ఏమాత్రం శ్రద్ధ లేదు. ఎత్తు పెంచినకొద్దీ మాత్రం దాని చెవులు నిక్కబొడుచుకునేవి. నాగలి లాగడంలో బలిసిన వెనుక కాళ్ల కండరాలు ఆ బరువైన దేహాన్ని అవలీలగా పైకి లేపేవి. హ్యారీ కళ్లేన్ని బిగించి పట్టేవాడు కాదు. పగ్గం వదులుగా విడిచి, ఎక్కడ ఎగరాలో గుర్రాన్నే తేల్చుకోనిచ్చేవాడు. మేలు జాతి గుర్రాలకు అలవాటైన కట్టుదిట్టమైన స్వారీకి ఇది పూర్తిగా భిన్నం.

1958లో ఈ జంట పెద్ద పోటీలలో అడుగుపెట్టింది. వారమంతా పాఠశాల ఉద్యోగం, శని ఆదివారాలు పోటీలు. సహాయకులు భార్యాబిడ్డలే. లాంగ్ ఐలండ్‌లోని శాండ్స్ పాయింట్ పోటీలో మొదటి రోజు బాగానే గడిచింది గాని గుర్రం కాలికి దెబ్బ తగిలి వాచింది. మర్నాడు దించక తప్పదని చూసినవారు అనుకున్నారు. హ్యారీ ఒక పాత రబ్బరు ట్యూబు ముక్క కోసి, గుర్రం కాలికి తొడిగి, అడుగున కట్టి, అందులో మంచుగడ్డలు నింపాడు. అవి కరిగినకొద్దీ కొత్తవి నింపుతూ రాత్రంతా లాయంలోనే జాగారం చేశాడు. తెల్లవారేసరికి వాపు తీసింది. ఆ రోజు స్నోమన్ గెలిచింది. పల్లెటూరి లాయంలో పెరిగిన మనిషికి మాత్రమే తోచే వైద్యం అది.

ఆ సంవత్సరం శరత్కాలంలో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జాతీయ అశ్వ ప్రదర్శన జరిగింది. 1883లో ప్రారంభమైన ఆ ప్రదర్శనకు అది వజ్రోత్సవ సంవత్సరం. సాయంకాలపు దుస్తులలో వచ్చిన శ్రీమంతుల ముందు, దేశమంతటా పేరు మోసిన గుర్రాలతో రోజుల తరబడి పోటీ. చివరి దశలో ఫస్ట్ ఛాన్స్ అనే ప్రసిద్ధ గుర్రం స్నోమన్‌కు ఎదురునిలిచింది. ఆ పోరులో స్నోమన్ నెగ్గి, బహిరంగ దూకుడు పోటీలలో జాతీయ విజేత అయింది. అమెరికా అశ్వ ప్రదర్శనల సంఘం దానిని ఆ ఏటి మేటి గుర్రంగా ప్రకటించింది. కబేళా బండి దిగి అప్పటికి మూడేళ్లయినా నిండలేదు. మరుసటి సంవత్సరం, 1959లో, స్నోమన్ మళ్లీ విజేత అయింది. ఒక్కసారి గెలిస్తే అదృష్టమనవచ్చు, రెండవసారికి ఆ మాట చెల్లలేదు.

అమ్మకానికి లేనిది

పత్రికలు ఆ గుర్రం వెంటపడ్డాయి. లైఫ్ పత్రిక దాని కథ ప్రచురించింది. జానీ కార్సన్ నిర్వహించిన టెలివిజన్ కార్యక్రమంలో స్నోమన్ ప్రత్యక్షమైంది. కార్సన్ దాని వీపు మీదికి ఎక్కి కూర్చుంటే, ఆ విద్యుద్దీపాల కాంతిలో సైతం అది చలించక నిలబడింది. విజయాలకంటె ఎక్కువగా జనాన్ని ఆకర్షించినవి ఇంటి దగ్గరి ఫొటోలు. దేశంలోని అత్యుత్తమ గుర్రం వీపు మీద వరుసగా కూర్చున్న చిన్న పిల్లలు. సముద్రపు నీటిలో పిల్లలను మోసుకుంటూ ఈదే గుర్రం. పోటీలో లక్షల మంది చూసే జంతువే మరునాడు పిల్లలకు ఆటబొమ్మ.

ధనికులు బేరానికి వచ్చారు. ఒక సందర్భంలో లక్ష డాలర్లు ఇవ్వజూపారని ఆ కథ ఎరిగినవారు చెబుతారు. అప్పటి లెక్కలో అది నాలుగు లక్షల 75 వేల రూపాయలకు పైమాట. పాఠశాల జీతం మీద పెద్ద సంసారం ఈదుతున్న మనిషి. ఆ డబ్బుతో తన పేర భూమి, లాయం, పిల్లల చదువులు అన్నీ సమకూరేవి. హ్యారీ నిరాకరించాడు.

దీనిని త్యాగమని పొగడడం తేలిక. అయితే హ్యారీ లెక్క వేరు. ఒకసారి డబ్బుకు ఆశపడి ఆ గుర్రాన్ని అమ్మాడు. అది టైరు ఈడ్చుకుంటూ తిరిగి వచ్చింది. కాళ్లున్న ప్రాణి తన నిర్ణయాన్ని అంత స్పష్టంగా ప్రకటించిన తరువాత మళ్లీ ధర చెప్పడం అతనికి సాధ్యం కాలేదు. ఇంటి మనిషికి ధర ఎంత అని అడిగినట్లే తోచింది. పిల్లలకు కూడా అది ఇంటి మనిషే. లక్ష డాలర్లతో వారికి కొనిపెట్టగలిగినదానికన్నా, మాట నిలబెట్టుకున్న తండ్రిని చూపించడమే అతడు వారికిచ్చిన ఆస్తి.

ఇంటి లెక్క

ఇంతవరకు కథ ముగిస్తే వినసొంపుగా ఉంటుంది. కాని సత్యం కొంత మిగిలిపోతుంది.

గుర్రాలను ప్రేమించే మనిషికి రోజుకు ఇరవైనాలుగు గంటలే ఉంటాయి. లాయానికి ఆదివారం లేదు, పండుగ లేదు. పోటీల వెంట ఊరూరా తిరిగే జీవితంలో ఇల్లు కూడా లాయం వెంటే నడిచింది. హ్యారీ పిల్లలు పసితనం నుంచే గుర్రాల మీద పెరిగారు, పోటీలలో పాల్గొన్నారు, పడ్డారు, దెబ్బలు తిన్నారు. ఎనిమిది మంది పిల్లలనూ, ఎడతెగని లాయం చాకిరీనీ మోసిన ఆ ఇల్లాలి పేరు మీద ఏ బహుమానమూ ప్రకటించబడలేదు. ఆ దాంపత్యం చివరివరకు నిలవలేదు. 2015లో వెలువడిన ‘హ్యారీ అండ్ స్నోమన్’ అనే డాక్యుమెంటరీ చిత్రం ఆ కుటుంబం చెల్లించిన మూల్యాన్ని కూడా దాచలేదు.

ఈ సంగతి హ్యారీ వ్యక్తిత్వాన్ని తగ్గించదు. అతనిని మనకు దగ్గర చేస్తుంది. మన ఇళ్లలోనూ ఇటువంటి తండ్రులు ఉన్నారు. పొలాన్నో, మగ్గాన్నో, యంత్రాన్నో ప్రాణంగా ప్రేమించి, ఆ ప్రేమే కుటుంబం మీది ప్రేమ అని నమ్మి, సాయంత్రం ఇల్లు చేరేసరికి పిల్లలు నిద్రపోయి ఉండడం చూసినవారు వారు. పని మీది ప్రేమ, ఇంటి మీది ప్రేమ ఒకే కాడికి కట్టిన రెండు ఎడ్ల వంటివి. రెండూ సమంగా నడిచినంతకాలం చాలు బాగా వస్తుంది. ఒకటి ముందుకు ఉరికితే రెండవదాని మెడ ఒరుసుకుపోతుంది.

ఆ చిత్రంలో వృద్ధుడైన హ్యారీ స్నోమన్ గురించి మాట్లాడుతూ కంటతడి పెడతాడు. అప్పటికి ఆ గుర్రం చనిపోయి నలభై ఏళ్లు.

మిగిలిన రోజులు

1960ల తొలి సంవత్సరాలలోనే స్నోమన్ పోటీల నుంచి విరమించింది. పోటీలలో గెలవని గుర్రానికి సాధారణంగా మళ్లీ సంత దారే గతి. స్నోమన్ మాత్రం హాలండియాలోనే ఉండిపోయింది. ఊరి పిల్లలు వచ్చి చూసేవారు, ఎక్కేవారు, దువ్వేవారు. నాక్స్ స్కూల్ తొలి రోజులలో చేసిన పనినే, అంటే పిల్లలను భయం లేకుండా మోయడాన్ని, చివరి సంవత్సరాలలో కూడా అది చేసింది.

1974 నాటికి దాని వయస్సు 26 ఏళ్ల ప్రాంతం. మూత్రపిండాలు పాడైనాయి. బాధ తప్పించడం తప్ప పశువైద్యుడు చేయగలిగినది లేకపోయింది. సెప్టెంబర్ 24న స్నోమన్ కన్నుమూసింది. 1992లో అమెరికా అశ్వ దూకుడు క్రీడ కీర్తిశాలలో దానికి స్థానం లభించింది. 2011లో ఎలిజబెత్ లెట్స్ అనే రచయిత్రి దాని జీవితాన్ని గ్రంథస్థం చేసినప్పుడు మరో తరం ఆ కథను మళ్లీ చదివింది.

హ్యారీ గుర్రం దిగలేదు. మనుమలు పుట్టిన తరువాత సైతం యువకులతో సమానంగా పోటీ పడుతూ, ‘దౌడు తీసే తాతయ్య’ అనే ముద్దు పేరు తెచ్చుకున్నాడు. తరువాత వర్జీనియా రాష్ట్రానికి మారి, అక్కడ కూడా లాయం కట్టుకుని, ఎందరికో స్వారీ నేర్పాడు. అనంతరకాలంలో గొప్ప గొప్ప గుర్రాలు ఆయన చేతికి వచ్చాయి; ఖరీదైనవి కొన్నాడు, అమ్మాడు, గెలిచాడు. 2021 జూన్‌లో 93వ ఏట తనువు చాలించేవరకు ఆయనను జనం అడిగినది మాత్రం ఆ 80 డాలర్ల గుర్రం గురించే.

న్యూ హాలండ్‌లో ఆ రోజు లారీ ఎక్కిన మిగిలిన గుర్రాల గురించి ఎవరూ రాయలేదు. వాటిలో మరొక స్నోమన్ ఉన్నదో లేదో తెలుసుకునే దారి లేదు. ఆలస్యంగా వచ్చిన ఒక మనిషి ఒక్క గుర్రాన్ని మాత్రమే దింపగలిగాడు, అతని జేబులో అంతకే డబ్బుంది. కాని ఆ ఒక్కదాని వల్ల అమెరికాలో ఎన్నో కుటుంబాలు తమ పాత గుర్రాన్ని అమ్మే ముందు మరొకసారి దాని కళ్లలోకి చూసి ఉంటాయి. పల్లెటూరి శ్రామికుని జీవితం మిగిల్చిపోగల సంపద ఇంతకంటె పెద్దది ఉండనక్కరలేదు.